వెయ్యికి ఎనిమిది మంది

కుప్పం,
14 జూలై 1996

అన్నకు నమస్కారాలు.

నీ ఉత్తరం అంది నెల దాటింది. జవాబు రాయలేదని రెడ్డెమ్మ వదిన ముఖం ముడుచుకుని ఉంటుందని తెలుసు. బడి తెరిచారు. ఈ ఏడు ఆరో తరగతి, ఏడో తరగతి లెక్కలు రెండూ నా నెత్తినే వేశారు. ఆయన పట్టుగూళ్ల బేరం మీద వారంలో మూడు రోజులు రామనగరం వెళ్లివస్తున్నారు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా ఎక్కువ మాట్లాడటం లేదు.

అసలు సంగతికి వస్తాను. కరస్పాండెన్సులో ఎం.ఎడ్.కి కట్టానని చెప్పాను కదా. అందులో స్టాటిస్టిక్స్ పేపరు ఒకటుంది. సగటు వరకు పరవాలేదు. ప్రామాణిక విచలనం కూడా కిందామీదా పడి నేర్చుకున్నాను. జెడ్ స్కోరు అనే పాఠం దగ్గర బండి ఆగిపోయింది. సూత్రం బట్టీ పట్టగలను, అది ఏం చెబుతుందో మాత్రం అర్థం కావడం లేదు. కాలేజీలో ఇరవై ఏళ్లుగా నువ్వు చెప్పే పాఠమే కదా. నాకు ఎక్కాలు నేర్పినప్పుడు చెప్పినట్టు తీరిగ్గా రాయి.

వినోద్ బాగున్నాడు. నవంబరుకి ఏడేళ్లు నిండుతాయి. వాడి గురించి వేరే విశేషాలేమీ లేవు.

నీ చెల్లెలు,
అమరావతి


మదనపల్లె,
21 జూలై 1996

చిరంజీవి అమరకు అన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నాకు పదేళ్లు తగ్గాయి. కాలేజీలో నా పిల్లలకు ఏ ప్రశ్న పరీక్షలో వస్తుందన్నదే కావాలి. అర్థం కావడం లేదని చెప్పినదానివి నువ్వొక్కదానివే.

విను. నీ తరగతిలో ఒక పిల్లవాడికి తెలుగులో డెబ్బై, లెక్కల్లో యాభై అయిదు వచ్చాయనుకో. వాడు దేంట్లో గట్టివాడు? తెలుగు అంటావు. తొందరపడకు. తెలుగులో తరగతి సగటు అరవై అయిదు, లెక్కల్లో నలభై. రెంటిలోనూ మార్కుల చెదురు, అంటే ప్రామాణిక విచలనం, పది. తెలుగులో వాడు సగటు కంటే అయిదు పైన, అంటే అర విచలనం. లెక్కల్లో పదిహేను పైన, అంటే ఒకటిన్నర విచలనం. వాడు లెక్కలవాడు. జెడ్ స్కోరు అంటే అంతే. వచ్చిన మార్కులోంచి సగటు తీసెయ్యి, మిగిలినదాన్ని విచలనంతో భాగించు. మనిషి తన గుంపులో ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది.

ఇక నార్మల్ కర్వ్. మొన్న ఆదివారం టమోటా మార్కెట్ యార్డుకి పోయి, పాత శిష్యుడి మండీలో కూర్చుని బాక్సులు తూకం వేయించాను. రెడ్డెమ్మ నవ్వింది, నవ్వనీ. సగటు ముప్పై కిలోలు, విచలనం ఒక కిలో. నూరు బాక్సుల్లో అరవై ఎనిమిది దాకా ఇరవై తొమ్మిదికీ ముప్పై ఒకటికీ మధ్యే ఉన్నాయి. ఇరవై ఎనిమిదికీ ముప్పై రెండుకీ మధ్య తొంభై అయిదు. నడుమ జనం ఎక్కువ, అంచులకు పోయేకొద్దీ పలచన. గీస్తే గంట బోర్లించినట్టు వస్తుంది. మనుషుల ఎత్తులూ అంతే, మార్కులూ దాదాపు అంతే. ఇన్ని వేల మంది ఎవరి పాటికి వాళ్లు పుట్టి పెరిగి, చివరకు అందరూ ఒకే గీత కింద సర్దుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

వినోద్‌ని సెలవులకు పంపమంటే ఎందుకు పంపవు? వాడిని చూసి రెండేళ్లయింది. చదువు ఎలా సాగుతోంది?

అన్న,
గంగాధరం


కుప్పం,
11 ఆగస్టు 1996

అన్నకు నమస్కారాలు.

నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. నా ఏడో తరగతి పిల్లల మార్కులు ముందర పెట్టుకుని నలభై మందికీ జెడ్ కట్టాను. పాఠం అర్థమైంది.

ఒక్క లెక్క మిగిలింది. సగటు నూరు, విచలనం పదిహేను. ఒకరికి అరవై నాలుగు వచ్చింది. జెడ్ మైనస్ రెండు పాయింట్ నాలుగు వస్తోంది. అలాంటి వాళ్లు వెయ్యికి ఎంతమంది ఉంటారు? పట్టిక నా పుస్తకంలో చిరిగిపోయింది. వాళ్ల గురించి మీ శాస్త్రం ఏమంటుందో కూడా రాయి.

అమరావతి


మదనపల్లె,
16 ఆగస్టు 1996

చిరంజీవి అమరకు,

లెక్క సరిగ్గా కట్టావు. పట్టిక ప్రకారం అంతకంటే కింద ఉండేవాళ్లు సున్నా పాయింట్ సున్నా సున్నా ఎనిమిది రెండు, అంటే వెయ్యికి ఎనిమిది మంది. వెయ్యి మందిని వరసలో నిలబెడితే చిట్టచివర, గోడ పక్కన నిలబడే ఎనిమిది మంది.

మా శాస్త్రం ఏమంటుందని అడిగావు. అంత దూరాన ఒక అంకె పడితే, ముందు అది రాసినవాడు సరిగా రాశాడా అని చూస్తాం. సరిగానే రాసి ఉంటే పక్కన పెట్టేస్తాం. ఒక్కడి కోసం తరగతి సగటు పాడు చేసుకోకూడదు. పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడతాయి.

వినోద్ సంగతి అడిగాను, జవాబు లేదు.

గంగాధరం


కుప్పం,
24 నవంబరు 1996

అన్నా,

మూడు నెలలు ఉత్తరం రాయలేదు. నువ్వు పక్కన పెట్టెయ్యమన్న ఆ అంకె నా కొడుకు.

వినోద్‌కి ఇప్పటికీ మాటలు సరిగా రావు. ఒకటో తరగతిలో రెండేళ్లు కూర్చున్నాడు. మూడు నాలుగు మాటలు, అవీ నాకు తప్ప ఎవరికీ తెలియవు. నువ్వు వచ్చినప్పుడు ఆలస్యంగా మాట్లాడతాడులే అని దాటేశాను. ఆ తర్వాత మీ ఇంటికి తీసుకురావడమే మానేశాను. మొన్న జూన్‌లో, బడి తెరిచే ముందు, బెంగళూరులో పిల్లల తెలివి కొలిచేచోటికి తీసుకుపోయాం. ఒకాయన ఎదురుగా కూర్చుని తెలుగూ కన్నడమూ కలిపి ప్రశ్నలు అడిగాడు. వీడు ఆయన నోటివంకే చూస్తూ కూర్చున్నాడు. చెక్క దిమ్మలు ఇచ్చినప్పుడు మాత్రం చకచకా పేర్చాడు. బయట ఎవరో తలుపు ధడాలున వేస్తే తిరిగి చూశాడు కాబట్టి చెవులు బాగున్నాయని రాసుకున్నారు. అరవై నాలుగు అని కాగితం చేతికిచ్చారు.

ఇచ్చే ముందు అడిగారు, చిన్నప్పుడు మూర్ఛలు, మెదడుకు సంబంధించిన జ్వరం లాంటివి వచ్చాయా అని. లేదన్నాను. నేను తిరుపతిలో వేసవి క్లాసులకు పోయినప్పుడు మా అన్న ఇంట్లో రెండు రోజులు మామూలు జ్వరం తప్ప ఏమీ లేదన్నాను. అయితే పుట్టుకతోనే అన్నారు.

ఆ మాట ఈయన మనసులో ముల్లులా దిగిపోయింది. మా వంశంలో ఇట్లా ఎవరూ లేరని ఒకసారి అన్నారు. ఆ తర్వాత నాతో పెద్దగా మాట్లాడలేదు. హెడ్మాస్టరు గంగులయ్య గారు వచ్చే ఏడు వాడిని చేర్చుకోలేనని నెమ్మదిగా చెప్పారు. బెంగళూరు అవతల ఇలాంటి పిల్లలను ఉంచుకునే ఆశ్రమం ఒకటుంది. జనవరి నెలాఖరులో తీసుకుపోయి వదిలి రావాలని నిశ్చయమైంది.

నీ ఉత్తరం వచ్చేదాకా రోజూ సాయంత్రం వాడికి బొమ్మలు చూపించి మాటలు చెప్పేదాన్ని. ఆ రోజుతో ఆపేశాను. నీకు తెలియక రాశావు, తెలుసు. అయినా వెయ్యికి ఎనిమిది అన్న మాట చదివాక చేతిలో బొమ్మల పుస్తకం బరువైపోయింది.

అమరావతి


మదనపల్లె,
1 డిసెంబరు 1996

అమరా,

నీ ఉత్తరం చదివాక కాలేజీకి పోలేదు. నేను రాసిన మాటలకు క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

ఒక్కటి చెప్పనీ. జెడ్ స్కోరు అనేది ఏ గుంపు సగటుతో కొలిచామో ఆ గుంపుకే చెల్లుతుంది. ఆ పరీక్షకు నూరు అనే సగటు మాట్లాడే పిల్లలను, అడిగింది విని జవాబు చెప్పే పిల్లలను కొలిచి కట్టినది. మన వాడు ఆ గుంపులోవాడో కాదో ముందు తేలాలి. అందుకని వాడికి చెవుల పరీక్ష చేయించు. తలుపు చప్పుడుతో కాదు, యంత్రం పెట్టి. వేలూరులోనైనా బెంగళూరులోనైనా సరే. ఆశ్రమానికి పంపే లోపల చేయించు.

కారణం ఏమీ లేదు, జాగ్రత్త కోసం చెబుతున్నాను.

గంగాధరం


కుప్పం,
12 డిసెంబరు 1996

అన్నా,

ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. వెనకనుంచి గంట వాయించారు. తిరిగి చూశాడు. బస్సు హారను వేస్తే తిరుగుతాడు, నేను గట్టిగా అరిస్తే తిరుగుతాడు. పెద్ద పరీక్ష చేయించడానికి కారణం ఏదైనా ఉందా, ఏదైనా పెద్ద జబ్బు చేసిందా అని ఆయనా అడిగారు. లేదన్నాను. అలాంటప్పుడు అక్కర్లేదేమో అన్నారు.

ఇంట్లో ఈయనతో చెబితే, "ఒగ పరీచ్చ సేయించినందుకే బిడ్డకు ముద్ర పడింది. ఇంగొగటి యాల? వాడి మానాన వాణ్ణి ఉండనీ" అన్నారు. కోపంగా అనలేదు. అలిసిపోయి అన్నారు. నాకూ ఇంకొక కాగితం చూసే ఓపిక లేదు.

అందుకని నిన్నే అడుగుతున్నాను, అన్నగా కాదు, లెక్కలు తెలిసినవాడిగా. ఏ జబ్బూ చేయని బిడ్డకు చెవులు పోయి ఉండే సంభావ్యత ఎంత? వెయ్యికి ఒకరో ఇద్దరో అయితే వదిలేస్తాను. వాడికి బట్టలు కుట్టించడం మొదలుపెట్టాను. ఆశ్రమంలో ఆరు జతలు కావాలన్నారు.

త్వరగా రాయి.

అమరావతి


పుంగనూరు,
21 డిసెంబరు 1996

అమరా,

ఈ ఉత్తరం పుంగనూరు బస్టాండు పక్కన హోటల్లో కూర్చుని రాస్తున్నాను. ఇంటికి పోతే మళ్లీ రాయలేనేమోనని భయం. ఇప్పటికే మూడు రాసి చించేశాను.

ఏ జబ్బూ చేయని బిడ్డకైతే నీ ప్రశ్నకు జవాబు వెయ్యికి ఇద్దరు కూడా ఉండరు. కానీ నీ ప్రశ్నే తప్పు. తప్పు ప్రశ్న నీ చేత అడిగించినవాడిని నేను.

1991 మే నెల. నేను అప్పుడు ఇక్కడి జూనియర్ కాలేజీలో చేసేవాడిని. నువ్వు ఏడాదిన్నర బిడ్డను మాకు అప్పగించి తిరుపతి పోయావు. వాడికి అప్పటికి పది మాటలు వచ్చేవి. నన్ను "మాం" అనేవాడు. నువ్వు పోయిన మూడో వారంలో వాడికి జ్వరం వచ్చింది. నేను పేపర్లు దిద్దడానికి రోజూ చిత్తూరు పోయి వస్తున్నాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోదామని రెడ్డెమ్మ మొదటి రోజే అంది. నేను ఏమన్నానో ఆ మాటలే రాస్తాను. "నూరు మంది బిడ్డలకి జొరమొస్తే తొంభైతొమ్మిది మందికి దానంతటదే పోతాది. కంగారు పడొద్దు." రెండో రోజూ అదే అన్నాను. మూడో రోజు నేను చిత్తూరులో ఉండగా బిడ్డకు మూర్ఛ వచ్చింది. మెడ బిగుసుకుపోయింది. రెడ్డెమ్మ ఒక్కతే వాడిని భుజాన వేసుకుని ఆదినారాయణ గారి నర్సింగ్ హోముకి పరిగెత్తింది. నేను సాయంత్రం వచ్చేసరికి వెన్నులోంచి నీళ్లు తీసి పరీక్షకు పంపారు. మెదడు పొరల జ్వరం. పద్నాలుగు రోజులు సూదులు వేశారు.

నీకు టెలిగ్రాం ఇద్దామని రెడ్డెమ్మ ఏడ్చింది. నీ పరీక్షలు అయ్యేదాకా ఇంకా ఇరవై రోజులుంది, భయపెట్టడం ఎందుకు అన్నాను. అది పైకి చెప్పిన కారణం. రెండు రోజులు ఎందుకు చూపించలేదని నువ్వు అడిగితే నా దగ్గర జవాబు లేదు. అసలు కారణం అది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఈ జబ్బు తగ్గిన పిల్లల్లో పదిమందికి ఒకరికి వినికిడి దెబ్బతింటుంది, మూడు నెలల్లో తప్పక చెవుల పరీక్ష చేయించండి అన్నారు. చీటీ కూడా రాసిచ్చారు. నేను పదిమందిలో తొమ్మిది మందిని చూసుకున్నాను. ఇంటికి వచ్చి వాడి వెనక పళ్లెం కొట్టాను. తిరిగి చూశాడు. సరిపోయిందనుకున్నాను. నువ్వు వచ్చి బిడ్డ చిక్కిపోయాడేమిటని అడిగితే, రెండు రోజులు జ్వరం వచ్చింది, పళ్లు వస్తున్నాయి అన్నాను. నువ్వు నా చేతులు పట్టుకుని, నీ వల్లనే చదవగలిగాను అన్నావు. ఆ తర్వాత ఇక చెప్పలేకపోయాను. వాడు "మాం" అనడం కూడా మానేశాడు. బిడ్డ ఊరు మారి మరిచిపోయాడులే అనుకున్నాను. రెడ్డెమ్మ ప్రతి ఏడూ ఒకసారి, "అమరకు సెప్పేద్దామప్పా" అంటుంది. నేను లేచి బయటికి పోతాను.

ఈ పొద్దు ఆదినారాయణ గారిని కలిశాను. ముసలాయన అయిపోయారు, చూపు తగ్గింది. నా పేరు చెప్పగానే గుర్తుపట్టారు. నేను నోరు తెరవకముందే ఆయన అడిగిన మొదటి మాట, "ఆ బిడ్డకు చెవులు సూపించినారా?"

అయిదేళ్లుగా ఆ మాట ఆయనకు గుర్తుంది. లేదని చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. పాత రిజిస్టరు తీయించి, ఆ పేజీ నకలు రాయించి సంతకం చేసి ఇచ్చారు. ఈ కవర్లోనే పెడుతున్నాను. పరీక్ష చేసేవాళ్లకు చూపించు.

ఇప్పుడు లెక్క. ఏమీ తెలియకపోతే వెయ్యికి ఇద్దరు. ఈ జ్వరం వచ్చిందని తెలిస్తే పదిమందికి ఒకడు. జ్వరం తర్వాత ఉన్న మాటలు పోయాయని, ఎదుటివాళ్ల నోరు చూస్తాడని, గట్టి చప్పుళ్లకే తిరుగుతాడని కూడా తెలిస్తే, కట్టడానికి నాకు లెక్క అక్కర్లేదు. వాడికి వినపడదు అమరా. బెంగళూరులో వాళ్లు నిన్ను అడిగినప్పుడు నువ్వు చెప్పిన అబద్ధం నాది. వాళ్లు దాని మీదే అరవై నాలుగు రాశారు.

ఆశ్రమానికి పంపవద్దు.

గంగాధరం


కుప్పం,
9 ఫిబ్రవరి 1997

అన్నకు,

పరీక్ష అయింది. బెంగళూరులోనే చేయించాను. నువ్వు పంపిన కాగితం చూపించాక ఎవరూ ఎందుకని అడగలేదు.

అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు యంత్రం తగిలించారు. వినపడగానే చెయ్యి ఎత్తాలని బొమ్మలతో చూపించి నేర్పించారు. ఒక్కసారి చూపిస్తే అర్థం చేసుకున్నాడు. చప్పుడు పెంచుకుంటూ పోయారు. వాడు చాలాసేపు చెయ్యి ఎత్తకుండా ముళ్లకంపలో చిక్కినవాడిలా కదలకుండా కూర్చున్నాడు. ఆ తర్వాత ఎత్తాడు. ఎత్తి అద్దంలోంచి నన్ను చూసి నవ్వాడు. రెండు చెవులూ డెబ్బై డెసిబెల్స్ దాకా పోయాయి. మనం మామూలుగా మాట్లాడేది వాడికి ఏమీ అందదు. ఇన్నాళ్లూ గొంతు చించుకున్నప్పుడు మాత్రమే అమ్మ ఉన్నట్టు వాడికి తెలిసింది.

మాటలు లేని పరీక్ష, దిమ్మలూ బొమ్మలూ పెట్టి, మళ్లీ చేశారు. తొంభై నాలుగు వచ్చింది. జెడ్ నేనే కట్టాను. మైనస్ సున్నా పాయింట్ నాలుగు. నూరు మందిలో వాడి వెనక ముప్పై నాలుగు మంది ఉన్నారు. బజారులో కనిపించే పిల్లల్లాంటి పిల్లవాడు.

డాక్టరమ్మను అడిగాను, రెండేళ్ల వయసులో తెచ్చి ఉంటే ఏమయ్యేదని. ఆ సంగతి ఇప్పుడెందుకంది. నేను వదలలేదు. అప్పుడే యంత్రం పెట్టి ఉంటే మిగతా పిల్లల్లాగా కాకపోయినా వాక్యాలు మాట్లాడేవాడని చెప్పింది. మాట నేర్చుకునే వయసు దాటిపోయింది, ఇప్పుడు కొన్ని మాటలు వస్తాయి, ఎన్నో చెప్పలేం అంది.

జేబులో పెట్టుకునే వినికిడి యంత్రం ఇచ్చారు. ఆశ్రమానికి పంపడం లేదు. ఆయనకు చెప్పవలసింది చెప్పాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నిన్ను ఎలా తిట్టాలా అని ఆలోచించాను. ఇప్పుడు ఆ ఓపిక కూడా లేదు. నువ్వు కొంతకాలం ఇటు రావద్దు. ఉత్తరాలు కూడా వద్దు.

అమరావతి


మదనపల్లె,
16 జూన్ 1997

అమరా,

వద్దన్నావు కాబట్టి నాలుగు నెలలు రాయలేదు. ఇది ఒక్కటి రాసి ఆపేస్తాను. వాడు ఎలా ఉన్నాడో ఒక కార్డు ముక్క వేస్తే చాలు. ఈ ఏడు తరగతిలో సంభావ్యత పాఠం వేరే లెక్చరర్ రామమూర్తికి ఇచ్చేశాను. బోర్డు దగ్గర నిలబడి "తొంభై శాతం" అనగానే పదోవాడి ముఖం కనిపిస్తోంది.

గంగాధరం


కుప్పం,
8 మార్చి 1998

అన్నకు నమస్కారాలు.

నీ ఉత్తరం నా పెట్టెలోనే ఉంది. జవాబు రాయకపోవడానికి కోపం ఒక్కటే కారణం కాదు.

వినోద్ రెండో తరగతికి వచ్చాడు. ముందు బెంచీలో కూర్చుంటాడు. పిల్లలు యంత్రం తీగ లాగుతారు, వాడు తిరిగి కొడతాడు. ఇరవై మాటల దాకా వచ్చాయి. కొత్తవాళ్లకు అర్థం కావు. లెక్కలు వాడికి చెప్పక్కర్లేదు, బోర్డు మీద వేస్తే చాలు, చేసేస్తాడు. ఎం.ఎడ్.లో నేను స్టాటిస్టిక్స్ పేపరు రాయలేదు. మిగతావి రాశాను.

ఒక సంగతి నీ దగ్గర దాచాను. ఆయనకు చెప్పవలసింది చెప్పానని రాశాను కదా. నేను చెప్పింది అబద్ధం. బిడ్డకు పుంగనూరులో పెద్ద జ్వరం వచ్చిందని, చెవుల పరీక్ష చేయించాలని డాక్టరు చెప్పాడని, అదంతా నాకు అప్పుడే తెలుసని, ఉద్యోగం, చదువు గోలలో పడి నేనే నిర్లక్ష్యం చేశానని చెప్పాను.

నిజం చెప్పి ఉంటే ఆయన ఆ రోజే మదనపల్లె బస్సెక్కేవారు. నీ కాలేజీ ముందు నిలబడేవారు. నాకు అమ్మానాన్నలు లేరు. నా తరఫున ఉన్నది నువ్వొక్కడివే. నీ మీద ఎంత మంటగా ఉన్నా, నువ్వు కూడా లేకుండా పోవడం ఊహించుకోలేకపోయాను. ఒక్క మాట నా మీద వేసుకుంటే పోతుందనుకున్నాను.

పోలేదు. ఏడాది దాటింది. ఆయన నేను పెట్టింది తింటారు, నేను ఎదురుపడితే పక్కకు తప్పుకుంటారు. వినోద్‌ను మాత్రం భుజాల మీద తిప్పుతున్నారు, అది సంతోషమే. మొన్న వాడి యంత్రం పాడైతే నేను విప్పి చూడబోయాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు ముట్టుకోవద్దు. నీ సదువు కోసరం బిడ్డ చెవులు తీసినావు" అన్నారు. వాడు మా ఇద్దరి నోళ్లూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఇప్పుడు పెదవులు చదవడం వచ్చింది వాడికి. ఎంత అర్థమైందో తెలియదు.

నా కొడుకు ఆ మాటను నిజమనుకుని పెరగడం నాకు ఇష్టం లేదు అన్నా. నేను చెబితే ఆయన నమ్మరు, పుట్టింటిని వెనకేసుకొస్తున్నానంటారు. నువ్వు వచ్చి చెప్పాలి.

అమరావతి


మదనపల్లె,
12 మార్చి 1998

అమరా,

నీ ఉత్తరం ఈ పొద్దే అందింది. రెడ్డెమ్మకు చదివి వినిపించాను. ఆమె పెట్టె తీసి ప్రయాణానికి బట్టలు సర్దింది. సర్దుతూనే, "అబద్ధం ఆడింది మనము. శిచ్చ పడింది ఆ బిడ్డకూ, వాళ్లమ్మకూ" అంది.

వచ్చే వారం శనివారం తొలి బస్సుకు ఇద్దరం బయలుదేరుతున్నాం. మధ్యాహ్నానికి కుప్పం చేరతాం. శనివారం మీ ఆయన మునిచంద్ర ఊళ్లోనే ఉంటాడని తెలుసు. మీ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకముందే అతనికి చెబుతాను. మూడు రోజుల జ్వరం, చిత్తూరు, మూర్ఛ, డాక్టరు మాట, నేను జేబులో పెట్టుకున్న చీటీ, నీతో అన్న అబద్ధం, అన్నీ వరసగా చెబుతాను. టెలిగ్రాం ఇవ్వమని రెడ్డెమ్మ బతిమాలింది, ఆపింది నేను అని కూడా చెబుతాను. నువ్వు ఎందుకు నీ మీద వేసుకున్నావో చివర చెబుతాను.

గడప తొక్కనివ్వకపోతే వీధిలో నిలబడే చెబుతాను. చుట్టుపక్కలవాళ్లు వింటే విననీ. కొడితే పడతాను. ఇక మీద మీ ఇంటికి రావద్దంటే రాను.

నిన్ను రెండు కోరతాను. నేను మాట్లాడేటప్పుడు మధ్యలోకి రావద్దు, అన్న తెలియక చేశాడని ఒక్క మాట కూడా అనొద్దు. నాకు అన్నీ తెలుసు.

రెండోది, వినోద్‌ను పక్కింటికి పంపవద్దు. వాడిని నాకు ఎదురుగా, నా ముఖం కనపడేటట్టు కూర్చోబెట్టు. నేను నెమ్మదిగా మాట్లాడతాను.

గంగాధరం